సన్నసెగపై టమేటా సూపు

పాడి గల ఇండ్లలో పూర్వము పెరటి మూలనో, వసారా చివరనో ఒక దాలి యుండెడిది. నేలలో చిన్న గుంట త్రవ్వి, పిడకలు పేర్చి నిప్పంటించి, మంట ఆరి నివురు గప్పిన పిమ్మట పాలకుండను దానిపై నుంచెడివారు. ప్రొద్దున పెట్టిన పాలు సాయంత్రము వరకు పొంగక, మాడక, కాగుచునే యుండెడివి. ఎవరును ప్రక్కన కూర్చుండి కలియబెట్ట నక్కరలేదు. గ్యాసు పొయ్యిలు వచ్చిన తరువాత దాలిగుంటలు చాలవరకు పూడిపోయినవి. కాని ఆ సూత్రమే విద్యుత్తు రూపమున మరల వంటింటికి వచ్చినది. దానిని నేడు స్లో కుక్కర్ అనుచున్నారు.

ఇది మెరుగుపూత పూసిన మందపాటి పింగాణి పాత్ర. దాని చుట్టును లోహపు తొడుగు, తొడుగులో విద్యుత్తుతో వేడెక్కు తీగ ఉండును. వేడి అడుగునుండియే గాక ప్రక్కలనుండియు నెమ్మదిగా లోనికి ప్రాకును. చికాగోలో నుండిన ఇర్వింగ్ నాక్సన్ అను నతడు ఇట్టి పరికరమునకు 1940లో పేటెంటు పొందెను. లిథువేనియా దేశమున తన తల్లి చిన్నతనములో, రొట్టెల బట్టీ రాత్రియంతయు చల్లారుచుండగా ఆ మిగులు వేడిమిపై చిక్కుళ్ల కూర ఉడికెడిదట. ఆ మాటయే అతని పరికరమునకు మూలము. అది 1971లో క్రాక్‌పాట్ అను పేరుతో అంగళ్లకు వచ్చి ప్రసిద్ధమైనది. మన దేశమున ఇంకను ముందుగనే, 1910లో, బెంగాలీ వైద్యుడు ఇందుమాధవ్ మల్లిక్ ఇక్మిక్ కుక్కర్‌ను కల్పించెను. అడుగున బొగ్గుల కుంపటి, పైన ఒకదానిపై నొకటి గిన్నెలు, మధ్య ఆవిరి. మన టిఫిను క్యారియరుకు కుంపటి తగిలించినట్లు ఉండును.

ఇట్టి సన్నసెగపై టమేటాలు, శనగలు, మాకరోనీ కలిపి చిక్కని సూపు చేయుట యెట్లో చూతము. ఇది భోజనమునకు ముందు త్రాగు పలుచని చారు కాదు. ఒక పూట కడుపు నిండు వంట. పదార్థము లన్నియు ఒకేసారి కుక్కరులో వేసి మూత పెట్టినచో సరిపోవునని కొందరు చెప్పుదురు. అట్లు చేసినవారికి ఎనిమిది గంటల తరువాత రాళ్లవంటి శనగలును, జావయైన మాకరోనీయు దొరకును. ఈ వంటలో రహస్యమంతయు వరుసలోనే ఉన్నది.

మొదట నీటి సంగతి. గండికోట నిలిచిన కొండ ఎర్రని క్వార్ట్‌జైట్ శిల. పెన్నానది యుగయుగములుగా దానిని కోసికొని లోయ చేసినది గాని, ఆ రాయి నీటిలో కరుగునది కాదు. కొండ దిగి జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు పోయిన సున్నపురాయి విస్తారముగా కనబడును. ఎర్రగుంట్ల ప్రాంతపు సిమెంటు కర్మాగారములకు అదియే ఆధారము. మన ఇండ్లలో పరచు కడప బండలును అట్టి రాయియే. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నపురాతిపై పారినప్పుడు రాయి కొంచెము కరిగి కాల్షియం బైకార్బొనేటుగా నీటిలో చేరును. ఇదియే పాఠ్యపుస్తకములలోని కఠినజలము. “ఈ బావి నీళ్లలో బేడలు ఉడకవు” అని పల్లెలలో అనుట వట్టి మాట కాదు. శనగ గింజలోని కణములను ఒకదాని కొకటి అంటించి పట్టుకొను జిగురు పదార్థము పెక్టిన్. నీటిలోని కాల్షియం పెక్టిన్‌తో కలిసి దానిని మరింత బిగించును. జిగురు కరగనిదే గింజ మెత్తబడదు.

అందుచేత నీటిని ముందుగా మరిగించి, చల్లార్చి, అడుగున తెల్లని పొక్కు దిగిన పిమ్మట పైతేట వంచుకొనవలెను. బైకార్బొనేటు వలని కాఠిన్యము దీనితో చాలవరకు పోవును. శనగలు నానబోయు నీటిలో చెంచాడు ఉప్పు వేయుట మంచిది. ఉప్పులోని సోడియం గింజ పైపొరలోని కాల్షియంను కొంత తొలగించి దాని స్థానమున చేరును. సోడా ఉప్పు ఇంకను త్వరగా మెత్తబరచును గాని, అది బి1 విటమినును నశింపజేయును, రుచిని సబ్బువలె చేయును. దానిని నేను మెచ్చను.

రెండవది పులుపు. టమేటా రసము పి.హెచ్. విలువ సామాన్యముగా 4కు, 4.6కు మధ్య నుండును. ఇట్టి ఆమ్లములో పెక్టిన్ సులభముగా విడిపోదు. పప్పు ఉడికిన తరువాతనే చింతపండు పులుసు పోయవలెనని మన ఇండ్లలో పెద్దలు చెప్పుటకు కారణమిదియే. రసాయనశాస్త్రము చదువకయే వారు కనుగొన్న నియమము టమేటాకును అక్షరాల వర్తించును.

ఇక వంట. ఆరుగురికి 150 గ్రాముల శనగలు రాత్రి నానబెట్టవలెను. తెల్లవారి ఆ నీరు పారబోసి, లీటరుంబావు తేట నీటితో శనగలను కుక్కరులో వేసి, పెద్ద సెగపై మూడు, నాలుగు గంటలు ఉంచవలెను. గింజను వ్రేళ్ల మధ్య నొక్కిన నలగవలెను. అట్లు నలిగిన పిమ్మటనే తక్కినవి చేర్చవలెను: కిలో పండిన టమేటాలు తరిగి, రెండు ఎర్రగడ్డలు, నాలుగు తెల్లగడ్డ పాయలు, ఒక ఉర్లగడ్డ, ఒక క్యారెట్టు, ఉప్పు, మిరియాల పొడి. ఎర్రగడ్డలను ముందుగా రెండు చెంచాల చెనిక్కాయ నూనెలో దోరగా వేయించుట అవసరము. ఏలయన నీరున్నంతవరకు కుక్కరులోని వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగడ్డను దోరగా మార్చు కమ్మని రుచులు అంతకంటె చాల ఎక్కువ వేడిలోనే త్వరగా పుట్టును. నూనెకు ఇంకొక ప్రయోజనము కలదు. టమేటాకు ఎరుపు నిచ్చు లైకోపీన్ నీటిలో కరుగదు, నూనెలో కరుగును. దీర్ఘకాలము ఉడికి కణముల గోడలు పగిలినప్పుడు అది బయటపడి నూనెలో చేరును. శరీరమునకు తేలికగా అందును. సి విటమిను మాత్రము ఈ దీర్ఘపు వేడికి చాల తరుగును. వడ్డించునప్పుడు నిమ్మరసము పిండినచో ఆ లోటు కొంత తీరును.

మరి మూడు గంటలు ఉడికిన పిమ్మట 120 గ్రాముల మాకరోనీ వేసి, పెద్ద సెగపై అరగంట ఉంచవలెను. మాకరోనీ లేకున్న లావు సేమియా చాలును. గోధుమపిండిలోని పిష్టము 60 డిగ్రీలు దాటగానే నీరు పీల్చి ఉబ్బనారంభించును. దానిని చెదరకుండ పట్టి ఉంచునది గ్లూటెన్ అను మాంసకృత్తుల వల. గంటల తరబడి వేడినీటిలో నానిన ఆ వల సడలి, పిష్టము బయటికి కారి సూపు జిగటగా మారును. మాకరోనీ తన బరువునకు ఇంచుమించు సమానమైన నీటిని త్రాగును కనుక, దానిని వేయక మునుపు సూపు కొంచెము పలుచగా నున్నను బాధ లేదు.

పాత్ర విషయమున ఒక హెచ్చరిక. స్లో కుక్కర్ లేనివారు సన్నసెగపై వేరు పాత్రలో వండవచ్చును గాని, కళాయి పోయిన ఇత్తడి, రాగి పాత్రలలో పులుపు గంటల తరబడి ఉడికినచో రాగి ఆహారములో కరిగి వాంతులు కలిగించును. స్టీలు పాత్రగాని, మట్టికుండగాని వాడవలెను.

ఇంతకంటె పెద్ద ప్రమాదము రాజ్మాతో. శనగలకు బదులు ఎర్ర రాజ్మా వేయుట నేడు వాడుకలోనికి వచ్చినది. పచ్చి రాజ్మాలో రక్తకణములను గుంపుగట్టించు లెక్టిన్ అను విషపదార్థము అధికము. నాలుగైదు గింజలైనను చాలును, కొద్ది గంటలలో వాంతులు, విరేచనములు పట్టుకొనును. కుక్కరు సెగ మరీ మందమై నీరు మరుగు స్థానమును చేరకున్న ఈ విషము విరుగదు. 80 డిగ్రీల వద్ద అరకొరగా ఉడికిన గింజలు పచ్చివాటికంటె ఎక్కువ హానికరముగా ఉండవచ్చును. కావున రాజ్మాను ఐదు గంటలకు తక్కువ గాకుండ నానబెట్టి, ఆ నీరు పారబోసి, వేరు పాత్రలో కనీసము పది నిమిషములు తెర్ల మరిగించి, ఆ నీటిని కూడ వంచిన తరువాతనే కుక్కరులో వేయవలెను.

సన్నసెగ అనగా పొదుపని చాలమంది నమ్మకము. లెక్క వేసి చూతము. మూడు లీటర్ల సూపును నీటితో సమానముగా భావించి, 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 3ను 70తోను, 4.2తోను గుణించిన 882 కిలోజౌళ్ల ఉష్ణము కావలెను. ఒక యూనిట్ విద్యుత్తు 3,600 కిలోజౌళ్లు కనుక ఇది పావు యూనిట్ మాత్రమే. 200 వాట్ల కుక్కరు ఏడు గంటలు పనిచేసినచో 1.4 యూనిట్లు ఖర్చగును. అనగా ఆరింట ఒక వంతు సూపును వేడిచేయగా, తక్కిన ఐదు వంతులు గోడల గుండను, మూత గుండను గదిలోని గాలికి పోయినవి. మూత తెరచి చూచినప్పుడెల్ల ఇంకను పోవును.

దాలిగుంట ఈ విషయమున తెలివైనది: దాని చుట్టునున్న మట్టియు, పైనున్న బూడిదయు వేడిని త్వరగా పోనీయవు. సూపును సాధారణపు పొయ్యిమీద బాగుగా మరిగించి, మూత బిగించి, ఊకయో ఎండుగడ్డియో దట్టముగా కూరిన పెట్టెలో పూడ్చి ఉంచిన అదే వేడితో చాలసేపు ఉడుకును. కరెంటు కుక్కరును మాత్రము ఇట్లు కప్పరాదు, నిప్పంటుకొనును. పెట్టెలోనుండి తీసిన సూపును తినుటకు ముందు మరల ఒకసారి మరిగించవలెను; 60 డిగ్రీలకు దిగిన తరువాత సూక్ష్మజీవులు వృద్ధి పొందుటకు వీలగును.

బడిలో చేయదగిన పరీక్ష ఒకటి కలదు. రాత్రి నానిన శనగలను మూడు గిన్నెలలో సమముగా పంచవలెను. ఒకదానిలో వాన నీరు, రెండవదానిలో ఊరి బావి నీరు, మూడవదానిలో వాన నీటితో టమేటా రసము సగపాలు పోసి, ఒకే సెగపై ఉడికించుచు పావుగంటకు ఒక గింజ చొప్పున తీసి నొక్కి చూడవలెను. ఏ గిన్నెలోని గింజ ఎన్ని నిమిషములకు నలిగినదో పట్టికగా వ్రాసికొని, మరునాడు మరిగించి తేర్చిన బావి నీటితో పరీక్షను మరల చేయవచ్చును.