మధ్యాహ్నం వాడి, సాయంత్రం లేచే మొక్క

"పొద్దున మంచిగనే ఉంటయి అన్నా, ఎండ ఎక్కేసరికి తలలు వేలాడేస్తున్నయి" అన్నాడు చేవెళ్ల దగ్గర పాలీహౌస్‌లో కీర వేసిన ఒక రైతు. తీగలు తాళ్ల మీద ఆరడుగులు పాకాయి. కాపు మొదలై మూడు వారాలైంది. వాడుతున్నాయి కదా అని డ్రిప్పు ఇంకో పావుగంట పెంచాడు. తగ్గలేదు. ఎండు తెగులేమోనని దుకాణంలో అడిగి మందు తెచ్చి మొదళ్లలో పోశాడు. తగ్గలేదు. సూక్ష్మపోషకాల ప్యాకెట్లూ అయిపోయాయి. అప్పటికి వేలల్లో ఖర్చయింది గానీ, ఒక్క మొక్కనూ పీకి చూడలేదు.

కాస్తున్న మొక్కను పీకడానికి ఏ రైతుకీ చెయ్యి రాదు. అయినా ఒకదాన్ని తీయించాను. గుంజితే సన్నవేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి కాబట్టి, చుట్టూ తవ్వి మట్టిపెళ్లతో సహా పైకి తీసి, బకెట్ నీళ్లలో మెల్లగా జాడించాం. మట్టి వదిలేకొద్దీ వేళ్ల మీద బుడిపెలు బయటపడ్డాయి. చిన్నవి ఆవగింజంత, పెద్దవి శనగగింజంత. కొన్నిచోట్ల ఒకదానికొకటి కలిసిపోయి అల్లం కొమ్ములా ఉబ్బాయి. తెల్లటి దారాల్లా ఉండాల్సిన పీచువేళ్లు దాదాపు లేవు.

ఇది వేరుబుడిపె నులిపురుగు పని. వేరులోకి దూరిన పురుగు అక్కడే స్థిరపడి, చుట్టూ ఉన్న కణాలను ఉబ్బించి తిండి పీలుస్తుంది. నీళ్లు పైకి తీసుకెళ్లే దారి అక్కడ మెలికలు పడిపోతుంది. చల్లటి వేళల్లో ఆ ఇరుకు దారే మొక్కకు సరిపోతుంది. ఎండ ఎక్కి ఆకులకు నీళ్లు ఎక్కువ కావలసి వచ్చినప్పుడు చాలదు. అందుకే మధ్యాహ్నం వాడి, సాయంత్రానికి లేస్తుంది. లోపం వేరులో ఉంది గానీ మట్టిలో నీళ్లకు కొరత లేదు. అలాంటప్పుడు ఇంకా నీళ్లు పెడితే ఉన్న నాలుగు వేళ్లూ కుళ్లుతాయి.

వేరుశనగ వేళ్ల మీది బుడిపెలు చూసి అలవాటైనవాళ్లు ఇవీ అలాంటివేనని పొరపడుతుంటారు. అవి వేరు పక్కన అతుక్కుని ఉంటాయి, గోటితో గీకితే ఊడివస్తాయి. ఇక్కడ వేరు తానే ఉబ్బింది. గీకితే వేరు చీలుతుంది తప్ప బుడిపె ఊడదు.

పాలీహౌస్‌కూ ఈ పురుగుకూ ఇంత పొత్తు ఎలా కుదిరిందంటే, మొక్క కోసం మనం చేసే ఏర్పాట్లన్నీ దానికీ నచ్చుతాయి. మట్టి ఎప్పుడూ తడిగా, వెచ్చగా ఉంటుంది. ఒక్కో ఆడపురుగు 200 నుంచి 500 గుడ్లు పెడుతుంది. వెచ్చటి మట్టిలో సుమారు నెలరోజులకు ఒక తరం పూర్తవుతుంది. క్యాప్సికం తొమ్మిది నెలలు నిలిచే పంట, ఆ లెక్కన ఎన్ని తరాలో చూసుకోండి. బయట చేనైతే ఎండాకాలం దుక్కి దున్ని వదిలేస్తాం, వరి వేస్తే నీళ్లు నిలుస్తాయి, పురుగు కొంతైనా చస్తుంది. లోపల ఆ విరామం ఉండదు. క్యాప్సికం తీస్తే కీర, కీర తీస్తే టమాటా. మూడూ దానికి ఇష్టమైన తిండే.

తెలంగాణలో 2014-15 నుంచి 75 శాతం రాయితీ ఇవ్వడంతో హైదరాబాద్ చుట్టుపక్కల పాలీహౌస్‌లు చాలా లేచాయి. ఇనుప చట్రానికీ షీటుకూ గ్యారంటీ అడిగి తీసుకున్న రైతులు, బెడ్లకు తోలించిన ఎర్రమట్టి ఎక్కడిదో అడగలేదు. నా దృష్టిలో అసలు తప్పు అక్కడే జరుగుతుంది. టమాటా, వంకాయ, బెండ పండిన చెల్క నుంచి మట్టి తెస్తే నులిపురుగును ట్రాక్టర్ల కొద్దీ తోలుకున్నట్టే. మట్టి కొనే ముందు ఒక పరీక్ష చేయండి. ఆ మట్టిని నాలుగైదు కుండీల్లో నింపి టమాటా నారు నాటండి. నెల, నెలన్నర తర్వాత పీకి వేళ్లు కడిగి చూడండి. బుడిపెలుంటే ఆ మట్టి వద్దు. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, ఖర్చూ లేదు.

వాడిన మొక్కలన్నీ నులిపురుగు వల్లే వాడతాయని మాత్రం అనుకోవద్దు. వేళ్లు శుభ్రంగా ఉండి మొక్క వాడుతుంటే, మొదలుకు కొంచెం పైన కాండాన్ని నిలువునా చీల్చండి. లోపల గోధుమరంగు చార కనిపిస్తే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులును అనుమానించాలి. క్యాప్సికం, టమాటా మొక్కలు ఆకులు పచ్చగా ఉండగానే రెండు మూడు రోజుల్లో కూలబడిపోతే, కాండం ముక్క ఒకటి కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన కొస నీళ్లలో మునిగేలా పట్టుకోండి. చెయ్యి కదపకూడదు. కొన్ని నిమిషాల్లో ఆ కొస నుంచి పాలదారం లాంటి తెల్లటి చార సన్నగా కిందికి జారితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. శిలీంధ్రానికి కొట్టే మందు దీని మీద పనిచేయదు. అలాంటి మొక్కను మట్టితో సహా సంచిలో కట్టి బయటికి తీసుకెళ్లాలి. దాన్ని కోసిన కత్తిని శుభ్రం చేయకుండా పక్క మొక్కను ముట్టకూడదు.

మొక్కను ముట్టుకోవడానికి ముందు తలుపు దగ్గర నిలబడి పంటంతా ఒకసారి పారజూసే అలవాటు మంచిది. ఒకే వరస పొడవునా పాలిపోతే ఆ లాటరల్ పైపు చూడండి, డ్రిప్పర్లు మూసుకుపోయి ఉంటాయి. అక్కడక్కడ గుంపులుగా గిడసబారితే మట్టిని, వేళ్లను అనుమానించండి. తలుపు పక్కన, చిరిగిన నెట్ పక్కన మొదలైతే బయటి నుంచి పురుగు వచ్చింది. పంటంతా ఒకేసారి ఒకేలా మారిందంటే అది పురుగు పనో తెగులు పనో కాదు, నీళ్లలోనో ఎరువులోనో వాతావరణంలోనో తేడా వచ్చినట్టు.

ఆకు పసుపైతే ఎరువు వేయాలనేస్తాం. పసుపు పై నుంచి వచ్చిందా, కింద నుంచి వచ్చిందా అన్నది ముందు చూడాలి. నత్రజని చాలకపోతే మొక్క ముదురాకుల నుంచి లాగి లేతాకులకు ఇస్తుంది, కనుక కిందాకులు మొత్తంగా పాలిపోతాయి. కిందాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం కొరత. అదే తీరు చిగురాకుల్లో కనబడితే ఇనుము లోపం. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పునీళ్లు, సున్నపు నీళ్లు. వాటితో మట్టి పీహెచ్ 7.5 దాటిందంటే ఇనుము మట్టిలో ఉన్నా వేరుకు అందదు. నీళ్ల పరీక్ష చేయించకుండా బస్తాలు పోయడం దండగ.

క్యాప్సికం ఆకు ముడుచుకుంటే మిరప రైతుల మాటే ఇక్కడా పనికొస్తుంది. దోనెలా పైకి ముడిస్తే పైముడత, తామర పురుగు చేసింది. బోర్లించిన పడవలా కిందికి ముడిస్తే కిందిముడత, తెల్లనల్లి చేసింది. తామర పురుగు ఎనిమిది కాళ్ల నల్లి కాదు, దాని మందు నల్లికి పనిచేస్తుందన్న భరోసా లేదు. తేడా తెలియక తప్పు మందు నాలుగుసార్లు కొట్టి, నల్లిని తినే మంచి పురుగులనూ చంపుకున్నవాళ్లున్నారు. తామర పురుగుకు నీలం, తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు వేలాడదీస్తే పురుగు ఎప్పుడొచ్చిందో ముందే తెలుస్తుంది.

కీరలో చలికాలం వచ్చే బూజు తెగులుకు ఆకు తడి కావాలి, ఆకు పైన పిండి చల్లినట్టుండే బూడిద తెగులుకు ఆ తడి అక్కర్లేదు. డిసెంబరులో పొద్దున్నే లోపలికి వెళ్లి తలెత్తి చూడండి. షీటు నుంచి చుక్కలు ఆకుల మీద పడుతుంటే, వెంటనే పక్క కర్టెన్లు ఎత్తి తేమను బయటికి పంపండి. సాయంత్రం పొద్దుపోయాక నీళ్లు పెట్టడం మానండి.

ఇక చేవెళ్ల రైతు సంగతి. ఆ పంటను నులిపురుగు నుంచి పూర్తిగా కాపాడే దారి లేదని చెప్పాల్సి వచ్చింది. కాపున్నన్నాళ్లు కోసుకుని, తర్వాత మొక్కలను వేళ్లతో సహా ఏరి కాల్చమన్నాను. వేళ్లు మట్టిలో మిగిలితే గుడ్లూ మిగిలినట్టే. ఏప్రిల్, మే నెలల్లో బెడ్లు తడిపి, పల్చటి పారదర్శక షీటు కప్పి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఎండకు వదలాలి. పైపొరల్లో పురుగు చాలావరకు చస్తుంది, లోతున ఉన్నది బతుకుతుంది. అందుకే ఆ పైన వేపపిండి, మేలుచేసే సూక్ష్మజీవులతో మాగబెట్టిన పశువుల ఎరువు వేయాలి. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ సూచించే పద్ధతిలో టన్ను ఎరువుకు రెండేసి కిలోల ట్రైకోడెర్మా, సూడోమోనాస్, పేసిలోమైసిస్ కలిపి, నీడలో తేమ ఆరకుండా పదిహేను రోజులు మాగనిస్తారు. ఒక పంటకాలం బంతి వేసినా పురుగు తగ్గుతుంది, పూలకు డబ్బూ వస్తుంది. నారును మట్టిలో కాకుండా కోకోపీట్ ట్రేల్లో పెంచింది తెచ్చుకోవాలి.

మీ పాలీహౌస్‌లో పంట ఇప్పుడు బాగానే ఉండొచ్చు. అయినా ఈ వారం తలుపు దగ్గర ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి, మొత్తం మూడు మొక్కలు తవ్వి తీసి వేళ్లు కడిగి చూడండి.