కోర్కెలు లేని నిరాహారదీక్ష

రాజధాని నగరానికి నిరాహారదీక్షలు కొత్తకాదు. 1924లోను, మళ్లీ 1948 జనవరిలోను గాంధీజీ ఉపవాసమున్నది ఇక్కడనే. ఇక తెలుగువారికి ప్రత్యేకించి చెప్పవలసినదేమున్నది? 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారి ప్రాణం పోయిన తర్వాతనే గదా ఢిల్లీలో కదలిక వచ్చింది! అన్నం మానడమంటే మన దృష్టిలో ఒక ప్రతిజ్ఞ, ఒక వ్రతం, కాదంటే ఒక అలక. అడిగినదేదో ఇచ్చి, నిమ్మరసంతో విరమింపజేయవచ్చునని మన ధీమా.

ఏ కోర్కే లేకుండా అన్నం మానివేసిన మనిషి ఎదురైతే మాత్రం మనకు దిక్కు తోచదు. నాకూ తోచలేదు.

రెండేళ్ల క్రితం చిరకాల మిత్రుడొకడు ఊరినుంచి ఫోను చేశాడు. "ఏమోయ్, మా అమ్మాయిని ఒకసారి చూసిరా. మెస్సు తిండి పడటం లేదట" అన్నాడు. సివిల్ సర్వీసుల పరీక్షకు చదువుకొంటూ ఆ అమ్మాయి పాత రాజేంద్రనగర్‌లో ఉంటున్నది. వెళ్లాను. ఏప్రిల్ ఎండలో ఉన్ని స్వెట్టరు తొడుక్కొని కూర్చున్నది. ఇంటికి తీసుకువచ్చాను. మా ఆవిడ పెట్టిన ఇడ్లీని తుంపి తుంపి పళ్లెమంతా పరచినదే గాని, నోటికి చేర్చినది స్వల్పం. "పొద్దున్నే తిన్నాను పెదనాన్నా" అన్నది. సోమవారం ఉపవాసం, శనివారం ఒక్కపొద్దు, మిగిలిన రోజులు గ్యాస్! కూతురి భక్తికి తల్లి మురిసింది. నేను మెస్సు యజమానిని తిట్టి నా బాధ్యత తీరిందనుకొన్నాను. ఆ తర్వాత ఏడాదిపాటు కడుపు డాక్టర్లు, ఎండోస్కోపీలు, మధ్యలో ఒకసారి దిష్టితీయడం. మానసిక వైద్యురాలి వద్దకు తీసుకువెళ్లవలెనని ఎవరికీ స్ఫురించలేదు. గుండె కొట్టుకోవడం మందగించి కళ్లు తిరిగి పడిపోయిన రోజున గాని జబ్బు పేరు బయటపడలేదు. అది అనోరెక్సియా నెర్వోసా.

ఈ పేరు వినగానే విదేశీ ఫ్యాషన్ పత్రికలోని బక్కపలచని భామ గుర్తుకు వస్తుంది. పొరపాటంతా అక్కడే ఉన్నది. 1873లో పారిస్‌లో లాసేగ్, లండన్‌లో విలియం గల్ దాదాపు ఏకకాలంలో వర్ణించిన జబ్బు ఇది. లావైపోతామన్న భయమే దీని ముఖ్యలక్షణమని పాశ్చాత్య వైద్యగ్రంథాలు చాలాకాలం బోధించాయి. అయితే మన ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యులు 1995లో ఐదుగురు యువతుల సంగతి ప్రచురించారు. తిండికి నిరాకరణ, వాంతులు, చిక్కిపోవడం, ఋతుస్రావం ఆగిపోవడం – అన్నీ ఉన్నవి. తాము లావుగా ఉన్నామనే భ్రమ మాత్రం లేదు! హాంకాంగ్‌లో సింగ్ లీ అనే వైద్యుడు కూడా ఇటువంటివారినే చూశాడు. లావు గురించి ఒక్కమాట అనని రోగిలోనూ ఈ జబ్బు ఉండవచ్చునన్నమాట. "కడుపులో మంట", "ఆకలి లేదు", "ఉపవాసం" అన్న మాటల చాటున అది దాగి ఉంటుంది. అద్దం ముందు నిలబడ్డ అమ్మాయి బొమ్మను అరువు తెచ్చుకొని ప్రచారం చేస్తే, మా మిత్రుని కూతురు వంటివారు అందులో ఎవరికీ కనబడరు. చేతిలోని ఫోను ఇప్పుడు ఆ అద్దాన్ని కూడా పల్లెలకు చేరవేసిందన్న మాట వేరు.

దీనికి సోదరి బులీమియా. అతిగా తిని, రహస్యంగా కక్కివేయడం దాని రూపం. చూపులకు బరువు సరిగ్గానే ఉంటుంది గనుక అది ఏళ్లతరబడి బయటపడదు. మగపిల్లలకు రాదనుకోవడమూ అపోహే.

ప్రభుత్వానికి ఇదంతా పట్టిందా అంటే, దానికి తెలిసిన తిండి సమస్యలు రెండే. 2019-21నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 18.7 మంది ఉండవలసినదానికన్న బక్కచిక్కినవారు, 24 మంది అధికబరువు గలవారు. తిండి దొరకక చిక్కినవారెవరో, దొరికీ తినలేక చిక్కినవారెవరో ఆ లెక్క చెప్పదు. ఆ ప్రశ్నే సర్వేలో లేదు. 2025 ఫిబ్రవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో ఊబకాయంపై సమరం ప్రకటించి, వంటనూనె 10 శాతం తగ్గించుకోవలసిందిగా కోరారు. సలహా మంచిదే. అయితే బరువును గురించి బడిలో చేసే ప్రతి ప్రబోధమూ, ఇదివరకే పళ్లెం చూసి భయపడుతున్న పిల్ల చెవినికూడా పడుతుందని ఆరోగ్యశాఖలో ఎవరైనా ఆలోచించారా?

చట్టం లేకపోలేదు. మానసిక వ్యాధులకు శారీరక వ్యాధులతో సమానంగా బీమా కల్పించవలెనని 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ శాసించింది. కాని ఈ జబ్బుకు కావలసినది నెలలతరబడి వారం వారం వైద్యుని సలహా, ఆహారనిపుణుల పర్యవేక్షణ. సాధారణంగా బీమా సొమ్ము ఆసుపత్రిలో మంచం పట్టినవారికే. అనగా రోగి ముదిరేదాకా ఆగవలెను! మానసిక వ్యాధులలో అత్యధికంగా ప్రాణాలు తీసేవాటిలో ఇది ఒకటి అన్న సంగతి ఆ కంపెనీలకు తెలియదనుకోలేము. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా మాట్లాడవచ్చును. పాఠకులు ఆ నంబరు రాసిపెట్టుకొనవలెనని నా మనవి.

మొన్న ఆదివారం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. వైద్యురాలు వ్రాసి ఇచ్చిన పట్టిక ప్రకారం రెండు ఇడ్లీలు తినడానికి ముప్పావుగంట పట్టింది. ఎంత తిన్నదో లెక్కపెట్టవద్దని, చిక్కావనిగాని ఒళ్లుచేశావనిగాని అనవద్దని మాకు ముందే హెచ్చరిక ఉన్నది. మేము ముగ్గురమూ ఎన్నికల గురించి మాట్లాడుకొన్నాము.