స్టీరింగ్ ఒకరిది, కిరాయి ఇంకొకరిది

లారీలకు డ్రైవర్లు దొరకడం లేదని యజమానుల సంఘాలు వాపోతున్నాయి. రవాణా వాహనాలు నడపడానికి కావలసిన ఎనిమిదో తరగతి అర్హతను కేంద్రం 2019లోనే తొలగించింది. గుమ్మం వెడల్పు చేశారు సరే, లోపలికి వచ్చినవాడు ఎందుకు నిలవడం లేదు?

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. కానీ అది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. ఒకటి రెండు లారీల యజమాని దగ్గర బత్తా మీద బతికే డ్రైవరుకు ఆ 8 గంటలు కాగితం మీద కూడా దక్కలేదు. సెంటు భూమి లేని దళిత, బీసీ, ముస్లిం ఇళ్ల పిల్లలు క్లీనర్లుగా చేరి స్టీరింగు దాకా వస్తారు. లారీ కొనే పెట్టుబడి దాకా రాగలిగేవారు అరుదు.

2021లో తెలంగాణలో మొదలైన దళితబంధు 10 లక్షల రూపాయలతో కొందరు వాహనాలు కొన్నారు. డ్రైవరు యజమాని అయ్యాడు. కిరాయి మాత్రం బుకింగ్ ఆఫీసులో కూర్చున్నవాడే తేల్చాడు. ఆ కుర్చీ ఏ కులాలదో వేరే చెప్పాలా?

2025 నుంచి కొత్త లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మంచిదే. గోదాము గేటు బయట లోడు దిగేదాకా కాచుకునే గంటలకు కూలి కట్టాలి, గేటు లోపలి మరుగుదొడ్డి డ్రైవరుకూ తెరవాలి.