పుట్టి దిగి పడవెక్కితే!

కల్వకుర్తి అంటే పత్తి చేన్లు, వేరుశనగ, బోరుబావులు. అలాంటి చోట పడవ పందేల ముచ్చటేంటని ఎవరికైనా అనిపిస్తుంది. మరి ఆ ఊరి పేరు పెట్టుకున్న ఎత్తిపోతల పథకానికి నీళ్లెక్కణ్నుంచి వస్తున్నాయి? కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో శ్రీశైలం వెనుక జలాల నుంచి! మూడు దశల్లో మోటార్లు ఎత్తిపోస్తేనే అవి మెట్టకు చేరతాయి. ఆ నీళ్లకు ఎదురుగా నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ దాటి వెళ్తే సోమశిల. అక్కడ కృష్ణమ్మ నదిలా కాదు, సముద్రంలా కనిపిస్తుంది.

ఈ ఒడ్డున ఎన్నో ఏళ్లుగా పుట్టిదే రాజ్యం. వెదురుతో అల్లిన పెద్ద గంప, అడుగున నీరు చొరకుండా పూత... అంతే! దానికి ముందూ వెనకా ఉండదు, చుక్కానీ ఉండదు. ఒక్క తెడ్డుతో నీటిని తనవైపు లాక్కుంటూ, అది గిర్రున తిరిగిపోకుండా అవతలి ఒడ్డుకు చేర్చాలి. కొత్తవాళ్లు కూర్చుంటే ఉన్నచోటే తిరుగుతుంది.

కనోయింగ్‌లోనూ తిప్పలు అలాంటివే. కయాక్‌లో కాళ్లు చాపి కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు వేస్తారు. కనోలో ఒక మోకాలి మీద కూర్చుని ఒకవైపే తెడ్డు వేస్తారు. దీనికీ చుక్కాని ఉండదు. ఒకవైపే లాగుతూ పడవను సూటిగా నడపడమే అసలు విద్య. ఒంటరి పందెం పడవ పొడవు 5.2 మీటర్ల దాకా ఉంటుంది, బరువు మాత్రం 14 కిలోలుంటే చాలు. పుట్టిలో పదిమంది ఎక్కినా కదలనట్టు ఉంటుంది. ఇందులో పక్కకు తిరిగి తుమ్మినా నీళ్లలో పడాల్సిందే! కాబట్టి పుట్టి నడిపేవాళ్లంతా రేపే పతకాలు తెస్తారనుకుంటే పొరపాటు. కానీ నీళ్లంటే భయం లేకపోవడం, తెడ్డు పట్టులో నేర్పు... ఇవి కోచ్‌లు మొదటి రోజు నుంచీ నేర్పాల్సినవి. ఇక్కడి పిల్లలకు అవి ఇంట్లోనే వస్తాయి.

ఇదేమీ ఊహ కాదు. మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సు దగ్గర చేపలు పట్టే కుటుంబంలో పుట్టిన సునీల్ సింగ్ సలామ్, అర్జున్ సింగ్‌తో కలిసి 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇద్దరి కనో 1000 మీటర్ల పందెంలో కంచు పతకం గెలిచాడు. అంతకుముందు ఈ క్రీడలో మనకు పతకం వచ్చింది 1994 హిరోషిమాలో. అదీ ఇదే పందెంలో! మధ్యలో ఇరవై తొమ్మిదేళ్లు. ఒలింపిక్స్‌లోనేమో ఈ ఆట 1936 నుంచీ ఉంది.

సోమశిలకు ఇప్పుడీ మాట ఎందుకంటే, కల్వకుర్తి నుంచి కొల్లాపూర్ మీదుగా నంద్యాల వైపు వెళ్లే జాతీయ రహదారి కోసం ఇక్కడ కృష్ణపై తీగల వంతెనకు 2022 అక్టోబరులో కేంద్రం ఆమోదం తెలిపింది. అంచనా వ్యయం 1,082 కోట్ల రూపాయలు. వంతెన కావాల్సిందే, అందులో రెండో మాట లేదు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల సంఖ్యలో జనం ప్రాణాలు పోగొట్టుకున్న తీరమిది. అయితే వంతెన మీద బస్సులు తిరిగాక నది దాటించే పుట్టికి గిరాకీ ఉండదు. తాత నుంచి మనవడికి వచ్చిన తెడ్డు పని చేపల వేటకే పరిమితమవుతుంది.

పందెం పడవలు, కోచ్, లైఫ్ జాకెట్లు... ఇవన్నీ డబ్బుతో సమకూరేవే. విహారానికి వచ్చేవాళ్లకైనా సరే, జాకెట్ లేకుండా తెడ్డు అందివ్వకూడదు. డబ్బుతో తీరని చిక్కు ఒకటుంది. వానాకాలంలో జలాశయం నిండితే వెయ్యి మీటర్ల పందేనికి ఎన్ని వరుసలైనా గీయొచ్చు. ఎండలు ముదిరితే మట్టం పడిపోతుంది. సోమశిల ఎదుట మునిగి ఉండే సంగమేశ్వరాలయం బయటికొస్తుంది. ఒడ్డు నుంచి నీళ్ల దాకా బురదలో నడవాలి. పడవను భుజాన మోసుకుని ఎంత దూరమని వెళ్తారు?

అప్పుడు పనికొచ్చేవి మెట్ట మీది చెరువులే. ఎత్తిపోతల నీళ్లతో నిండిన ఏడాది వాటిలో పెద్దవి సాధనకు అక్కరకొస్తాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల ఒంటరి కనో పందెం దూరం 200 మీటర్లే. కల్వకుర్తి చుట్టుపక్కల అంత పొడవున్న చెరువు కోసం వెతుక్కోవాల్సిన పనిలేదు.