ఆఖరి గంటకూ అందే క్షమ

జీవితమంతా దారి తప్పిన మనిషి కన్నుమూసే ముందు దేవుణ్ని పిలిస్తే ఆయన ఆలకిస్తాడా? ఆలకిస్తాడనే రెండువేల ఏళ్లుగా చెబుతోంది క్రైస్తవం. మరి ఆ ధీమాతో మారుమనస్సును వాయిదా వేసుకుంటూ పోవచ్చా?

శుభ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా తెలుగునాట ఎన్నో చర్చిల్లో ఆరాధన జరుగుతుంది. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్ని ఒక్కొక్కరు ఒక్కోటి తీసుకుని ధ్యానిస్తారు. అందులో రెండో మాట పక్క సిలువ మీదున్న దొంగతో అన్నది. ఆ రోజే తనతో పాటు పరదైసులో ఉంటావని యేసు అతనికి మాటిచ్చాడు. ఆ మనిషికి బాప్తిస్మం లేదు. అతను చేసిన మంచి పని ఒక్కటి కూడా సువార్తలో కనిపించదు. మిగిలిన ఆయుష్షు కొన్ని గంటలే.

మంచానపడ్డ తండ్రి, ఏళ్ల తరబడి చర్చి గడప తొక్కని అన్న, తాగుడుతో సంసారాన్ని చెరిపిన భర్త... ఇలాంటివారి పక్కన కూర్చుని ప్రార్థించేవాళ్లకు ఆ దొంగ కథే కొండంత ధైర్యం. అదే కథను చూపించి ‘ఇంకా టైముందిలే’ అనేవాళ్లూ ఉన్నారు. మొదటివారి ఆశకు లేఖనంలో ఆధారం ఉంది. రెండోవారి లెక్కకు లేదు.

మొదటి పిలుపుకే పలికినవాడు

యేసుతో సిలువ వేసిన ఇద్దరూ మొదట ఆయన్ను నిందించారని మత్తయి, మార్కు రాశారు. వారిలో ఒకడు మారిన సంగతి లూకా సువార్త 23వ అధ్యాయంలో ఉంది. అతను తోటి నేరస్థుణ్ని గద్దించాడు. తమకు పడిన శిక్ష న్యాయమైనదేనని ఒప్పుకొన్నాడు. యేసు ఏ తప్పూ చేయలేదన్నాడు. తనను జ్ఞాపకం చేసుకోమని వేడుకున్నాడు. దేవుడంటే భయం, తన తప్పును తానే ఒప్పుకోవడం, క్రీస్తు మీద నమ్మకం... పశ్చాత్తాపానికి కావలసినవన్నీ ఆ నాలుగు ముక్కల్లో ఉన్నాయి.

అది అతని చివరి గంట. కానీ సువార్తలో చూస్తే, అతను యేసు పక్కకు వచ్చిన మొదటి గంట కూడా అదే. మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కూలీలదీ ఇదే తీరు. సాయంత్రం ఐదింటికి పనిలోకి దిగినవాళ్లకూ పొద్దుటినుంచి చెమటోడ్చినవాళ్లతో సమానంగా ఒక దేనారం ముట్టింది. అప్పటిదాకా ఎందుకు ఖాళీగా ఉన్నారని యజమాని అడిగితే, తమను ఎవరూ పనికి పెట్టుకోలేదన్నారు. పిలవగానే వెళ్లారు. ఆలస్యంగా పిలుపు అందినవాడు వేరు, అందిన పిలుపును పక్కన పెట్టినవాడు వేరు.

వాయిదా వేసిన చక్రవర్తి

రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ 313లో క్రైస్తవులకు ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చాడు. 325లో నైసియా మహాసభను పిలిపించాడు. బాప్తిస్మం మాత్రం 337లో, మరణశయ్య మీద తీసుకున్నాడు. యొర్దాను నదిలో తీసుకోవాలన్నది ఆయన కోరికని చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. ఆ వాయిదా ఆయనొక్కడిదే కాదు. బాప్తిస్మం గత పాపాలన్నిటినీ కడిగేస్తుంది, ఆ తర్వాత ఘోరపాపం చేస్తే అప్పట్లో ప్రాయశ్చిత్తం ఏళ్లకేళ్లు సాగేది. అందుకని నాలుగో శతాబ్దంలో చాలామంది చివరిదాకా ఆగేవారు. నిస్సాకు చెందిన గ్రెగొరీ వంటి పెద్దలు ఈ అలవాటును గట్టిగా ఖండించారు.

ఖండించినా, చనిపోతున్నవాడి ముందు సంఘం తలుపు మూయలేదు. మరణం అంచున ఉన్నవారికి చివరి ప్రయాణానికి ప్రభు భోజనం నిరాకరించరాదని నైసియా సభే తీర్మానించింది. 428లో గాల్ దేశంలో కొందరు చనిపోయేవారికి పశ్చాత్తాప సంస్కారం ఇవ్వడం లేదని తెలిసి పోపు మొదటి సెలెస్టీన్ మండిపడ్డారు. ఆలస్యాన్ని తప్పు పట్టడం, ఆలస్యంగా వచ్చినవాణ్ని చేర్చుకోవడం... ఈ రెండింటినీ సంఘం ఒకేసారి నిలుపుకొచ్చింది.

గిలటిన్ దగ్గర ఒక ముద్దు

1887లో పారిస్‌లో ముగ్గురిని చంపిన కేసులో హెన్రీ ప్రాంజినీకి మరణశిక్ష పడింది. అతనిలో పశ్చాత్తాపం జాడ లేదు. లిసియూలో ఉన్న తెరేసా అనే పద్నాలుగేళ్ల అమ్మాయి అతని కోసం పట్టుబట్టి ప్రార్థించింది. ఆగస్టు 31న గిలటిన్ కింద తల పెట్టబోయే ముందు అతను క్రైస్తవ గురువు చేతిలోని సిలువను మూడుసార్లు ముద్దాడాడని ఆమె పత్రికలో చదివింది. అతన్ని తన మొదటి బిడ్డగా చెప్పుకొంది. ‘లిటిల్ ఫ్లవర్’ పేరుతో మన ఊళ్లలో బడులున్నాయే, ఆ పునీత ఈమే. ఆ హంతకుడి మనసులో ఏం జరిగిందో దేవుడికే తెలుసు. ఎవరినీ చేజారిపోయినట్టు లెక్కగట్టకూడదని ఆ పిల్ల మనకు నేర్పింది.

జక్కయ్యకు దక్కిన భాగ్యం

చివరి గంటలో క్షమ దొరుకుతుంది. అయితే ఆ గంటలో దొరకనిది ఒకటుంది, చెడగొట్టినదాన్ని బాగుచేసే సమయం. సుంకరి జక్కయ్య యేసును ఇంటికి చేర్చుకున్న రోజున ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. సిలువ మీది దొంగకు ఆ భాగ్యం లేదు. అతను దోచినవారి గడపకు వెళ్లి చేతులు జోడించే వీలు లేదు. మారుమనస్సు వల్ల మనకు మోక్షం దక్కితే చాలదు, మన వల్ల ఏడ్చినవాళ్ల కన్నీరు కూడా ఆగాలి. కట్టుకున్నామెను ముప్పై ఏళ్లు ఏడిపించినవాడు ఆఖరి రోజున క్షమాపణ అడిగితే దేవుడు వింటాడు. ఆమెకు ఆ ముప్పై ఏళ్లు తిరిగి ఇచ్చేదెవరు? వాయిదాలోని అసలు నష్టం ఇదే. మార్టిన్ లూథర్ 1517లో తన 95 వాదాల్లో మొదటిదాన్నే విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా సాగాలని మొదలుపెట్టింది ఊరికే కాదు.

మంచం పక్కనున్నవారికి

ఈ రోజుల్లో చాలామందికి చివరి గడియ ఐసీయూలో వస్తుంది. నోట్లో గొట్టం, మత్తులో మనిషి, బయట బెంచీ మీద కుటుంబం. జబ్బు సంగతి చెబితే బెంగపడతారని దాస్తాం. ఫాదర్‌ను పిలిస్తే చావు వచ్చిందనుకుంటారని ఆగుతాం. ఈ భయం కొత్తదేమీ కాదు. గురువు లోపలికి రావడాన్నే చావుకబురుగా చూస్తున్నారని నాలుగో శతాబ్దంలోనే జాన్ క్రిసోస్తం బాధపడ్డాడు. కథోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభ 1963లోనే స్పష్టం చేసింది, రోగులకు ఇచ్చే అభ్యంగనం ఊపిరి పోయే క్షణానికే పరిమితం కాదు, జబ్బు వల్లనో వృద్ధాప్యం వల్లనో ప్రమాదం మొదలైనప్పుడే దానికి తగిన వేళ అని. ప్రొటెస్టెంట్ సంఘాలు రక్షణ కృప చేత, విశ్వాసం ద్వారానే అంటాయి. వారికీ ఆ విశ్వాసాన్ని నోరారా పలకడానికి మెలకువ కావాలి కదా!

మరణానికి సిద్ధపడటం గురించి లూథర్ 1519లో చేసిన ప్రసంగం ఆస్తి పంపకాలతో మొదలవుతుంది. బంధువుల మధ్య తగాదా మిగలకుండా ముందు ఆ లెక్కలు తేల్చమన్నాడు. తర్వాత అందరినీ క్షమించి, అందరి క్షమ అడగమన్నాడు. ఆపైన దేవుడి వైపు చూడమన్నాడు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్న మన పెద్దల మాటా ఇదే.

కాబట్టి ఇంట్లో జబ్బుపడ్డవారుంటే తెలివి ఉన్నప్పుడే నిజం చెప్పండి. పాస్టరు గారినో ఫాదర్‌నో ముందే పిలవండి. మాటలు లేని అన్నదమ్ములకు కబురు పెట్టండి. రోగికి స్పృహ తప్పినా ప్రార్థన మానకండి, దేవుడు ఎంత దూరం వింటాడో మనం గిరి గీయలేం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మాత్రం ఆ దొంగ ఆలస్యాన్ని కాదు, అతని తొందరను నేర్చుకోవాలి. క్షమ అడగాల్సిన మనిషి ఇంకా బతికుంటే ఈ ఆదివారమే వెళ్లి అడగండి.