వానపాముల పందెం

నేల తవ్వకుండా వానపాముల్ని పైకి రప్పించగలరా? ఇంగ్లండులో విల్లాస్టన్ అనే చిన్న ఊళ్లో 1980లో మొదలైన వేసవి పందెం ఇదే! పిల్లాపాపలతో ఇంటిల్లిపాదీ వస్తారు. జట్టుకు 3 మీటర్ల చదరం పచ్చిక, 30 నిమిషాల గడువు. పళ్ల పారను నేలలో గుచ్చి కదిలించాలి. నీళ్లు చల్లితే మోసమే! 2009లో పదేళ్ల బాలిక ఏకంగా 567 వానపాముల్ని రప్పించింది.

వానొచ్చిందనుకుని వస్తాయా? కాదు. మోల్ అనే జంతువు మట్టిలో సొరంగాలు తవ్వుతూ వానపాముల్ని తింటుంది. నేల అదిరితే అదే వస్తోందని అవి పారిపోతాయన్న మాటను డార్విన్ 1881లోనే ప్రస్తావించాడు. 2008లో కెనెత్ కటానియా అమెరికాలో పరీక్షించాడు. వానకు పెద్దగా కదలని వానపాములు, మోల్‌ను మట్టిలోకి వదలగానే పైకి ఎగబాకాయి!

పందెం అయ్యాక వాటిని తిరిగి నేలలో వదులుతారు, అదీ పక్షులు గూళ్లకు చేరాకే.