మోతి పోయిన కబురు పదకొండు రోజులకు తెలిసింది

పోయిన ఎపిసోడ్‌లో సెలవుల గురించి మాట్లాడుతూ మా కుక్క మోతి సంగతి రెండు ముక్కల్లో చెప్పి దాటేశాను. తర్వాత మా క్యాంపులో ఇద్దరు ముగ్గురు నన్ను పక్కకు పిలిచి "అన్నా, మా ఇంట్ల గూడ గట్లనే అయింది, ఎవ్వరికీ చెప్పుకోలే" అన్నారు. అందులో ఒకతనిది ఆరేళ్ళ కిందటి సంగతి. అది చెబుతూ ఇప్పటికీ కళ్ళు తుడుచుకున్నాడు. అందుకే ఈసారి పూర్తిగా రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు. ఐటీఐ చేసి, ఇరవై ఏళ్ళ నుంచి గల్ఫ్ సైట్ల మీద పని చేస్తున్నవాడిని. నాకు జరిగింది, ఆ తర్వాత చదివి తెలుసుకున్నది, రెండూ కలిపి చెబుతా.

మోతి మా ఇంటికి 2012 వానాకాలంలో వచ్చింది. మాది కామారెడ్డి జిల్లాలో ఒక పల్లె. ఒక వీసా అయిపోయి ఇంకో వీసా కోసం నేను నాలుగు నెలలు ఇంటి దగ్గరే ఉన్న రోజులవి. బస్టాండ్ దగ్గర తడుస్తున్న పిల్లను మా తమ్ముడు సంచిలో వేసుకొచ్చాడు. గోధుమ రంగు, ముందు కాళ్ళు తెలుపు. ఊరకుక్కే, జాతి గీతి ఏం లేదు. ఆ నాలుగు నెలలు దానికి అన్నం పెట్టింది నేనే. తర్వాత దుబాయ్ వచ్చేశా.

అప్పటి నుంచి రెండేళ్ళకొకసారి ఇంటికి పోవడం. ఆటో మా వాడ మలుపు తిరగ్గానే మోతి ఉరికి వచ్చేది. తోక ఒక్కటే కాదు, నడుం దగ్గర నుంచి ఊగిపోయేది. మా చిన్న బిడ్డ 2015లో పుట్టింది. మొదటిసారి నన్ను చూసి వాళ్ళమ్మ చాటుకు పోయింది. నేను నాయిన్నని దానికి నమ్మకం కుదరడానికి నాలుగు రోజులు పట్టింది. మోతికి నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. గల్ఫ్‌లో ఉండేటోళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

కబురు ఎట్లా తెలిసింది

2024 జూలై, ఒక ఆదివారం. ఎండాకాలంలో ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా బయట ఎండలో పని చేయించకూడదని రూల్ ఉంది కదా, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా. ఆ బ్రేక్‌లో ఇంటికి వీడియో కాల్ చేశా. అక్కడ రెండు దాటింది, పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. "మోతి ఏదీ, చూపియ్యి" అన్నా. మా ఆమె "బయట తిరుగుతుంది" అంది. అంతకు ముందు రెండుసార్లు కూడా అదే మాట. అప్పుడు చిన్నది ఫోన్ లాక్కుని "బాపూ, మోతి సచ్చిపోయింది. నీకు చెప్పొద్దన్నరు" అంది. అప్పటికి పదకొండు రోజులైంది.

నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. చుట్టూ నలభై మంది పడుకుని ఉన్నారు. హెల్మెట్ మొహం మీద పెట్టుకుని పడుకున్నట్టు చేశా. పక్కనున్నాయనకు తెలిసి "కుక్కనే గదన్నా, ఇంట్ల అందరు మంచిగున్నరు గద" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఓదార్పుగానే అన్నాడు. కానీ ఆ మాటతో ఇంకెవ్వరికీ చెప్పొద్దని నోరు మూసుకున్నా.

కుక్క కోసం ఇంత బాధ ఎందుకు

ఇది మెత్తనోళ్ళ జబ్బేమో అని నాకూ అనిపించింది. కాదు. జపాన్ శాస్త్రవేత్తలు 2015లో చేసిన ఒక పరిశోధన ఉంది. కుక్క, దాన్ని పెంచుకునే మనిషి ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటున్నప్పుడు ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతుందని తేలింది. తల్లికీ పసిబిడ్డకూ మధ్య ముడి వేసే హార్మోన్ కూడా అదే. అంటే "బిడ్డ లెక్క చూసుకున్నం" అని మనం అనే మాట వట్టి మాట కాదు.

రెండోది వాసన. అమెరికాలో ఎమరీ యూనివర్సిటీలో గ్రెగరీ బర్న్స్ అనే ఆయన కుక్కలకు కదలకుండా ఉండే శిక్షణ ఇచ్చి, మెలకువగా ఉండగానే మెదడు స్కానింగ్ చేశాడు. రకరకాల వాసనలు చూపిస్తే, ఇంటి మనిషి వాసనకే మెదడులో సంతోషానికి సంబంధించిన భాగం ఎక్కువగా స్పందించింది. అప్పుడు ఆ మనిషి ఆ గదిలో కూడా లేడు. ఇది చదివినప్పుడు మా తమ్ముడు చెప్పిన ముక్క గుర్తొచ్చింది. నేను దుబాయ్ వచ్చిన ప్రతిసారీ మోతి నా పాత లుంగీ మీదనే పడుకునేదట.

దూరంలో ఉన్నవాడికి బరువు ఎందుకు ఎక్కువ

కెన్నెత్ డోకా అనే అమెరికా ప్రొఫెసర్ 1989లో ఒక పుస్తకం తెచ్చాడు. లోకం గుర్తించని దుఃఖం అనేది ఒకటి ఉంటుందన్నాడు. ఆ బాధకు సెలవు ఉండదు, కర్మకాండ ఉండదు, పరామర్శకు ఎవరూ రారు. అందుకే అది లోపలే ఉండిపోతుంది. పెంపుడు జంతువు పోయిన బాధ అలాంటిదే.

మన దగ్గర ఇది రెండింతలు. ఇక్కడి కార్మిక చట్టం ప్రకారం భార్య గానీ భర్త గానీ పోతే ఐదు రోజులు, తల్లిదండ్రులు, పిల్లలు, తోడబుట్టినవాళ్ళు పోతే మూడు రోజులు సెలవుంది. కుక్కకు లేదు, ఉండాలని నేను అడగను కూడా. కానీ ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు గొయ్యి తవ్వారు, మట్టి వేశారు, ఖాళీ గిన్నె చూశారు. వాళ్ళ కళ్ళ ముందు జరిగింది కాబట్టి మనసు మెల్లగా ఒప్పుకుంటుంది. మనకు ఫోన్‌లో ఒక వాక్యం తప్ప ఏం లేదు. నాకైతే చాలా రోజులు అది అరుగు మీదనే ఉన్నట్టుండేది.

ఇంకోటి, తప్పు చేశాననే బాధ. అంతకు నెల ముందు మోతి సరిగా తినట్లేదని, పశువుల డాక్టర్‌కు చూపిస్తామని తమ్ముడు అడిగితే "ముసలిదాయె, ఊకె ఖర్చెందుకు, ఎండలకు గట్లనే ఉంటది" అన్నా. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. సెలవుకు పోయినప్పుడు ఆ డాక్టర్‌నే అడిగా. చివర్లో తమ్ముడు తీసుకెళ్తే చూసింది ఆయనే. కిడ్నీలు పోయాయని చెప్పాడు. ముసలి కుక్కల్లో కిడ్నీ జబ్బు మెల్లగా ముదురుతుందట. మూడింట రెండొంతుల దాకా పాడయ్యేవరకు పైకి పెద్దగా ఏం కనబడదట. నెల ముందు వచ్చినా బాధ కొంత తగ్గించేవాణ్ణి గానీ జబ్బు నయం చేసేవాణ్ణి కాదన్నాడు. అంటే నా తప్పు లేదని కాదు. ఎంత ఉందో అంతే ఉంది. ఆ కొలత తెలిశాక నిద్ర పట్టింది.

పని మీద జాగ్రత్త

ఇది సూపర్‌వైజర్‌గా చెబుతున్నా, దయచేసి వినండి. కబురు తెలిసిన మర్నాడు పొద్దున స్కాఫోల్డింగ్ చూసి ట్యాగ్ మీద సంతకం పెట్టా. ఒక దగ్గర నడుమ రైలింగ్ లేదు. నా కళ్ళు అటే చూశాయి గానీ బుర్రకు ఎక్కలేదు. ఒక నేపాలీ స్కాఫోల్డర్ చూసి, మనుషుల్ని ఎక్కనీయకుండా ఆపి, ట్యాగ్ తీసుకొచ్చి నా చేతిలో పెట్టి "సాబ్, ఆజ్ క్యా హువా?" అని అడిగాడు. ఆ పూట ఎవరైనా పడి ఉంటే అది నా సంతకం.

అతనికి జరిగింది చెప్పేశా. నవ్వుతాడేమో అనుకున్నా. నవ్వలేదు. వాళ్ళ దగ్గర తిహార్ పండుగలో రెండో రోజు కుక్కలదేనట. కుకుర్ తిహార్ అంటారు. ఇంటి కుక్కకూ వీధి కుక్కకూ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి, మంచి తిండి పెడతారు. "ఆయన మీ ఇంటి కావలి, బాధ ఉండదా మరి" అన్నాడు. పదకొండు రోజుల కబురుకు నాకు దొరికిన మొదటి పరామర్శ అదే.

అందుకే, బాధలో ఉంటే ఒక్క మనిషికైనా చెప్పండి. ఎత్తు మీద పని, క్రేన్ కింద పని ఒకటి రెండు రోజులు మార్చమని ఫోర్‌మ్యాన్‌ను అడగండి. కారణం చెప్పడానికి మొహమాటమైతే "రాత్రి నిద్ర లేదు" అనండి చాలు. అది అబద్ధం కూడా కాదు.

ఇంటి దగ్గరివాళ్ళకు ఒక మాట

మా వాళ్ళు ఎందుకు దాచారో నాకు తెలుసు. "ఒక్కనివే ఉంటవు, ఎండల పని, మనసు ఖరాబ్ చేసుకుంటవని" అంది మా ఆమె. ప్రేమతోనే దాచారు. కానీ దాస్తే ఏమవుతుందంటే, ఆ తర్వాత ఏ ఫోన్ వచ్చినా అనుమానమే. అమ్మ పడుకుందంటే నిజంగా పడుకుందా అని. దూరంలో ఉన్నవాడికి ఉన్నది నమ్మకం ఒక్కటే, దాన్ని తీసేయకండి. డ్యూటీ అయిపోయి రూముకు చేరాక, మనిషి కూర్చుని ఉన్నప్పుడు చెప్పండి. మొత్తం చెప్పండి. ఎప్పుడు తినడం మానేసింది, ఎక్కడ పడుకుంది, ఎవరు పక్కన ఉన్నారు. గొయ్యి ఫోటో తీసి పంపండి.

పిల్లలకు "ఎక్కడికో పోయింది" అని చెప్పొద్దు, గేటు దగ్గర ఎదురు చూస్తారు. చచ్చిపోయింది, ఇక రాదు, నొప్పి కూడా ఇక ఉండదు అని సూటిగా చెప్పాలి. ఇంకొక జాగ్రత్త: కుక్క పిచ్చిగా కరుస్తూ, చొంగ కారుస్తూ పోతే ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, పశువుల డాక్టర్‌కు చెప్పాలి. కరిచినా, పుండు మీద నాకినా సబ్బుతో నల్లా నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మందు పనిచేయదు.

గుర్తు పెట్టుకోవడం

మనకు కుక్కకు పదో రోజు లేదు. కానీ మన కథల్లో దానికి చోటు ఉంది. మహాభారతం చివర్లో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను వదిలేసి రథమెక్కమని ఇంద్రుడంటే, నమ్మి వచ్చినదాన్ని వదలనని స్వర్గాన్నే కాదన్నాడు. గ్రీకుల ఒడిస్సీలో వీరుడు ఇరవై ఏళ్ళకు మారువేషంలో ఇంటికొస్తే అతన్ని చూడగానే గుర్తుపట్టింది ముసలి కుక్క ఆర్గోస్ ఒక్కటే. తోక ఊపి ప్రాణం విడిచింది. తానెవరో బయటపడకూడదు కాబట్టి ఆయన దగ్గరికి పోలేక, పక్కకు తిరిగి కన్నీళ్ళు తుడుచుకున్నాడు. హెల్మెట్ కింద ఏడ్చిన నాకు ఆ కథ మా క్యాంపు కథ లాగే అనిపించింది.

నేను చేసింది చిన్నదే. ఒక రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి "మొదటి నుంచి చెప్పు, ఏదీ విడిచిపెట్టకు" అన్నా. గంట సేపు చెప్పాడు. చెలక గట్టు మీద, వేపచెట్టు కింద, నడుముల లోతు తవ్వి పెట్టారట. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది, నా లుంగీలోనే చుట్టి పెట్టారు. ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాత బిడ్డలిద్దరికీ మోతి గురించి నాకు తెలిసినవి ఒక్కొక్కటి వాయిస్ మెసేజ్ పెట్టా, వాళ్ళు నాకు తెలియనివి పెట్టారు. అందులో సగం నేను ఇంట్లో లేనప్పటివే.

2025 జనవరిలో ఇంటికి పోయా. ఆటో మలుపు తిరిగింది, ఏదీ ఉరికి రాలేదు. ఆ నిమిషం కష్టంగానే గడిచింది. సంచులు దించకముందే చిన్నది నా చెయ్యి పట్టుకుని చెలకకు తీసుకుపోయింది. అక్కడ ఒక రాయి పాతి, దాని మీద సున్నంతో పేరు రాసింది. "మ" కు తలకట్టు పెట్టి, మళ్ళీ ఓత్వం కూడా పెట్టింది. నేను దిద్దలేదు.

మీ ఇంట్లో కుక్క ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు దాన్ని కూడా చూపించమనండి. ఒకసారి పేరు పెట్టి పిలవండి. ఇప్పటికే పోయి ఉంటే, దాని గురించి ఇవాళ రూములో ఒక్కరికైనా చెప్పండి. పక్కవాడు చెబుతుంటే మాత్రం "కుక్కనే గద" అనకండి.